వందనాల జాబితాలో లేని పేరు

చర్చిలో ఏ కార్యక్రమం ముగిసినా వందన సమర్పణ ఒకే తీరున సాగుతుంది. సంఘ పెద్దలకు పేరుపేరునా వందనాలు, మైకుసెట్టు తమ్ముడికి వందనాలు, చివర్లో 'వంటలో సాయపడిన సోదరీమణులందరికీ' కలిపి ఒక్కసారి చప్పట్లు. అసలు పని నడిపిన మనిషి ఆ 'అందరి'లో కలిసిపోతుంది. ఆమె మీ స్నేహితురాలైతే, ఆమెను సరిగ్గా మెచ్చుకోవడం మీరు కష్టపడి నేర్చుకోవలసిన విద్య.

ముందు ఆమె చేసిందేమిటో చూడగలగాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, నీళ్లు రాని పేటలో ఉన్న మా చర్చి ఆవరణలో పొయ్యిలు వెలిగాయి. పులిహోర పొట్లాలు కట్టి పంపేవాళ్లం. ఫోను చెవిన పెట్టుకుని ఆజ్ఞలిచ్చేవారికి కొదవలేదు. నా స్నేహితురాలు గొంతు పెంచినట్టు ఎవరికీ గుర్తుండదు. కానీ 'చంటిపిల్లలు పులిహోర తింటారా?' అని అడిగింది ఆమే. పాల ప్యాకెట్లు చీటీలోకెక్కింది ఆ తర్వాతే. డాబాల మీద చిక్కుకున్నవారికి పొట్లం అందాలంటే తాడు, సంచీ కావాలని పడవల్లో వెళ్లొచ్చిన కుర్రాళ్లను అడిగి తెలుసుకుంది. వచ్చిన కానుకలు, అయిన ఖర్చు పొద్దుగూకేలోగా చార్టు మీద రాసి గోడకు అంటించేది. లెక్కల మీద గుసగుసలు పుట్టడానికి సందే లేకపోయింది. సంఘాల్లో తిరిగినవారికి ఇదెంత పెద్ద సంగతో నేను చెప్పక్కర్లేదు! అల్లరివాడని అందరూ పక్కనపెట్టే కుర్రాడికి గ్యాస్ సిలిండర్ల బాధ్యత అప్పజెప్పింది. ఆమె రాని పూట కూడా పొయ్యి ఆగలేదు. ఎవరూ అలగలేదు, పోట్లాట లేదు, అన్నం పారబోయలేదు. ఇలాంటి నాయకత్వం ఫలితం చాలావరకు జరగకుండా పోయినవాటిలోనే ఉంటుంది, అందుకే అది ఫోటోకు చిక్కదు.

చూశాక చెప్పాలి. 'చాలా బాగా చేశావు' అనకండి, అది ఎవరికైనా అతికే మాట. పౌలు రోమీయులకు రాసిన పత్రికలో పదహారో అధ్యాయం తీసి చూడండి. చాలామంది పేర్ల పట్టికే కదా అని గబగబా దాటేస్తారు గానీ, మెచ్చుకోలుకు అంతకంటే మంచి పాఠం నాకు దొరకలేదు. ఫీబేతో మొదలుపెట్టి, ఆమె అనేకులకూ తనకూ సాయపడిందంటాడు. ప్రిస్కిల్ల, అకుల తన కోసం ప్రాణాలకు తెగించారంటాడు. మరియ ఆ రోమీయుల కోసం ఎంతో కష్టపడిందంటాడు. ఊరికే పేర్లు చదివి వదిలేయలేదు, చాలామంది పక్కన వాళ్లు చేసిన పనీ ఉంది. చెబుతుంటే రాసిపెట్టిన తెర్తియుకు కూడా తన వందనం తాను చెప్పుకునే చోటు దక్కింది. మీరూ అలాగే చెప్పండి: 'ఆ రోజు పాల సంగతి నువ్వు అడక్కపోతే మాకెవరికీ తట్టేది కాదు.'

ఒక్క జాగ్రత్త. 'నువ్వు లేకపోతే ఏమీ జరిగేది కాదు' అనే పొగడ్త వద్దు. సిలిండర్లు మోసిన కుర్రాడికి అది అన్యాయం, ఆమెకూ తెలుసు అది నిజం కాదని. పైగా మన దగ్గర ఆ మాట వెంటనే 'కాబట్టి వచ్చే ఏడూ నువ్వే చూసుకో' అనే మాట వస్తుంది. అది మెచ్చుకోలు ముసుగులో పని అంటగట్టడం.

శాలువా కప్పి వేదిక ఎక్కిస్తే కొందరు మురిసిపోతారు, కొందరు చీర కొంగులో మొహం దాచుకుంటారు. మీ స్నేహితురాలు ఏ రకమో మీకు తెలిసే ఉంటుంది. తెలియకపోతే అడగండి, తప్పేం లేదు. నేనైతే ఆమె అత్తగారి దగ్గరికి వెళ్లి, కోడలు ఏమేం చేసిందో పూసగుచ్చినట్టు చెప్పాను. ఆ రోజుల్లో ఇంట్లో పిల్లల్ని చూసుకుని, వంట చేసింది ఆ పెద్దావిడే. వందనాల జాబితాలో ఆమె పేరూ లేదు మరి. 'ఇవన్నీ అది మాకేం చెప్పలేదే!' అని ఆశ్చర్యపోయి, ఆ సాయంత్రమే కూతుళ్లిద్దరికీ ఫోన్లు చేసింది.

మెచ్చుకోలుకు ఇంకో సగం పనిలో వాటా తీసుకోవడం. క్రిస్మస్ ప్రేమవిందు సామాన్ల చీటీ, కొట్టువాడితో బేరం ఈసారి నావని పాస్టరమ్మగారికి ముందే చెప్పాను. ఖర్చు చార్టు మీద ఎలా రాయాలో మాత్రం నా స్నేహితురాలినే అడిగి నేర్చుకుంటున్నాను. ప్రేమవిందు రోజు ఆమె అందరితోపాటు బంతిలో కూర్చుంటుంది. గుండిగలు కడగడానికి కుర్రాళ్లను అడిగి చూశాం. ఇద్దరు ఒప్పుకున్నారు, మిగతావాళ్లు ఆలోచిస్తున్నారు.