తల్లి గుండెలమీద బిడ్డ



నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు చలి పెద్ద గండము. మండువేసవిలో చలి ఏమిటని అడుగవచ్చును. అట్టి బిడ్డ ఒంటిలో కొవ్వు తక్కువ. తన వేడిని తాను నిలుపుకొనలేదు.

1978లో కొలంబియాలోని బొగోటా నగరంలో ఇంక్యుబేటర్లు చాలలేదు. అప్పుడు డాక్టర్ ఎడ్గార్ రే సనాబ్రియా బిడ్డను తల్లి రొమ్ముల నడుమ, ఒంటికి ఒళ్లు తగులునట్లు కట్టించారు. దీనినే కంగారూ సంరక్షణ అంటారు.

చాలా కాలం, బిడ్డ ఇంక్యుబేటరులో కోలుకొన్న తరువాతనే తల్లికి ఇచ్చేవారు. అయితే ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలోను, నాలుగు ఆఫ్రికా దేశాలలోను, 1.8 కిలోలలోపు బిడ్డలకు పుట్టిన వెంటనే మొదలుపెట్టి చూశారు. 2021లో ఫలితం వెలువడింది: 28 రోజులలో మరణాలు పాత పద్ధతిలో నూటికి 15.7 కాగా, ఇందులో 12.

బిడ్డకు టోపీ, మేజోళ్లు, లంగోటీ చాలును. నిలువుగా పట్టి, తల ఒక ప్రక్కకు త్రిప్పి, ముక్కు మూసుకొనకుండా చూడవలెను. రోజుకు కనీసం ఎనిమిది గంటలు; ఇంకా ఎక్కువైతే మరీ మంచిది. ముర్రుపాలు అక్కడే పట్టవచ్చును. బాలింత అలసిపోతే తండ్రి ఎత్తుకొనవలెను. అల్లుడు సిగ్గుపడితే అమ్మమ్మగారే చొక్కా విప్పించాలి! స్నానము మాత్రం మొదటి రోజు వద్దు. బరువు తక్కువ బిడ్డకు డాక్టరు చెప్పేవరకు ఆగండి.

ఇంటికి వచ్చాక పాలు త్రాగకపోయినా, పాదాలు చల్లబడినా, ఊపిరి వేగంగా తీసినా తెల్లవారేదాకా ఆగక, గుండెలమీద ఉంచుకొనే ఆసుపత్రికి తీసుకొనిపొండి.