పాలలో శబ్దము - వెన్న శాతపు కొలత

సికింద్రాబాదులోని పద్మారావు నగర్ ఇండ్లలో తెల్లవారుజామున కాగు పాలలో అధికభాగము ఏదో ఒక పల్లెలోని పాలకేంద్రమును దాటి వచ్చినవే. ఆ కేంద్రములో మీకు ముట్టు ధర వెన్న శాతముపైనను, వెన్న గాక మిగిలిన ఘనపదార్థముల శాతముపైనను ఆధారపడి యుండును. నేడు పెక్కు కేంద్రములలో ఈ అంకెలను తేల్చునది అతిధ్వని యంత్రము. అది పాలగుండా శబ్దమును పంపి, ఎంత వేగముగా చేరినదో కొలుచును. కొన్ని యంత్రములు ఎంత బలము మిగిలినదో కూడ చూచును. కనుక పాలలో శబ్దము ఎట్లు నడచునో, ఎట్లు క్షీణించునో తెలిసికొనుట మీకు లాభము.

మన చెవి సెకనుకు సుమారు 20,000 కంపనముల వరకే వినగలదు. అంతకు మించినది అతిధ్వని. నీటిలో శబ్దము సెకనుకు దాదాపు 1,500 మీటర్లు పోవును. పోవుచు ముఖ్యముగా మూడు విధముల బలము కోల్పోవును.

మొదటిది, ద్రవపు జిగట. ఈ నష్టమును 1845లో స్టోక్స్ లెక్కగట్టెను. రెండవది, వేడి. తరంగము నొక్కిన చోట ద్రవము రవంత వేడెక్కును; ఆ వేడి ప్రక్కకు జారిపోవును. దీనిని 1868లో కిర్కాఫ్ లెక్కలోనికి తెచ్చెను. మూడవది, చెదరుట. పాలలో వెన్న కరిగి యుండదు. మిల్లీమీటరును వెయ్యి భాగములు చేసినచో, అందు మూడు నాలుగు భాగముల ప్రమాణము గల బిందువులై తేలుచుండును. సరుగుడు వరుసలు గాలి ఉద్ధృతిని విరిచినట్లు ఈ బిందువులు తరంగమును చెదరగొట్టును.

మిశ్రమములోని నష్టము విడివిడి ద్రవముల సగటు కాదు. నీటిలో ఆల్కహాలు కలిపినచో, ఒకానొక నిష్పత్తిలో ఆ రెండింటిలో దేనియందును లేనంత నష్టము కనిపించును. అందుచేతనే పాల యంత్రమును ఊహపై గాక, ముందుగా పరీక్షించిన పాలతో సరిదిద్దుదురు. ఇంకొక సంగతి: పాలను వేడిచేసిన కొలది నీటిలో శబ్దవేగము హెచ్చును, వెన్నలో తగ్గును. ఈ భేదమే వెన్నను వేరుగా లెక్కించుటకు తోడ్పడును.

ద్రవములలో అతిధ్వనిపై పరిశోధన మనవారికి కొత్త గాదు. 1909లో జన్మించిన సూరి భగవంతం గారు వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఈ శాస్త్రమునకు పాదుచేసిన వారిలో ముఖ్యులు.

పాలు పోయునపుడు ఈ విషయములు గమనించవలెను:

1. వెన్న పైకి తేలును గనుక, నమూనా తీయుటకు ముందు అడుగు నుండి మెల్లగా కలుపవలెను.

2. నురుగు తగ్గిన పిమ్మటనే నమూనా తీయవలెను. గాలి బుడగలు వెన్న బిందువులకంటె ఎక్కువగా శబ్దమును చెదరగొట్టి లెక్కను తప్పించును.

3. పులిసిన, విరిగిన పాలను యంత్రములో పోయరాదు.

4. ఆవు పాలకు, గేదె పాలకు అమరికలు వేరు. మీ పాలకు తగినది పెట్టినారో లేదో అడుగవలెను.

5. యంత్రమును ప్రతిదినము శుభ్రపరచుచున్నారో లేదో చూడవలెను. లోపల వెన్న పేరుకొన్నచో అంకె నమ్మరాదు.

అంకెపై అనుమానము కలిగినచో, అదే నమూనాను ఆమ్లముతో చేయు గెర్బరు పద్ధతిలో సరిచూడుమని కోరుడు. అడుగుటకు సంకోచింపవలదు. శాతములో పదవ వంతు తగ్గినను, పూటపూటకు పోయువారికి నెల తిరుగుసరికి ఆ నష్టము చిన్నది కాదు.