పాము పెట్టెలో పరుపు: ఒక జీవశాస్త్ర పాఠం

మన కళాశాలలో వినిపించే రెండు భాషలూ పాము విషయంలో ఒకే మాట మీద ఉన్నాయి. నమ్మించి మోసగించే వానిని ఉర్దూలో “ఆస్తీన్ కా సాంప్” అంటారు. అనగా చొక్కా చేతిలో దాగిన పాము. కృతఘ్నుణ్ణి చేరదీయటాన్ని తెలుగులో “పాముకు పాలు పోసినట్లు” అంటారు. ఈ సామెతలు మనుష్యుల స్వభావాన్ని గురించి పుట్టినవే గాని పాముల స్వభావాన్ని గురించి పుట్టినవి కావు. జీవశాస్త్ర దృష్టిలో పాము పాలను ఆహారంగా కోరేదీ కాదు, పగబట్టేదీ కాదు. కాళ్ళు లేక, తల మొదలు తోక వరకు నేలను అంటిపెట్టుకొని జీవించే ప్రాణి. కనుక నిర్బంధంలో ఉన్న పాముకు నేల ఎటువంటిదో, దాని ఆరోగ్యం చాలావరకు అటువంటిదే. ఈ ఒక్క సత్యాన్ని వివరించటమే ఈ వ్యాసోద్దేశం.

కోళ్ళ ఫారంలో నేలపై వరి ఊక పరుస్తారని మనకు తెలుసు. అదే విధంగా పామును ఉంచిన పెట్టె అడుగున పరిచే పదార్థాన్ని ఇక్కడ మేము ‘పరుపు’ అని వ్యవహరిస్తాము. అమెరికా, ఐరోపా దేశాలలో చాలామంది విషం లేని పాములను ఇంట పెంచుతారు. వాటిలో ముఖ్యమైనవి రెండు. ఒకటి ఆగ్నేయ అమెరికాకు చెందిన కార్న్ స్నేక్. రెండవది పశ్చిమ, మధ్య ఆఫ్రికాకు చెందిన బాల్ పైథాన్ అనే చిన్న కొండచిలువ. మన దేశంలో పరిస్థితి వేరు. దానిని చివర ప్రస్తావిస్తాము. అయినా జంతు ప్రదర్శనశాలలలోను, విషం సేకరించే కేంద్రాలలోను పాములను ఉంచక తప్పదు. కావున ఈ విషయం మన విద్యార్థులకు పరాయిది కాదు.

నేలతో పాముకు గల సంబంధం

పాము తన దేహానికి కావలసిన వేడిని తానుగా ఉత్పత్తి చేసుకొనజాలదు. పరిసరాల నుండి గ్రహిస్తుంది. వేడి కావలసినప్పుడు వెచ్చని చోటికి, చల్లదనం కావలసినప్పుడు నీడకు ప్రాకుతుంది. పొట్ట క్రింది వెడల్పైన పొలుసులతో నేలను పట్టుకొని ముందుకు సాగుతుంది. నాలుకతో వాసన కణాలను గ్రహించి, నోటి పైభాగాన గల జాకబ్సన్ అవయవానికి అందిస్తుంది. భయం కలిగినప్పుడు సందులోనో, బొరియలోనో దాగుతుంది. వేడి, తేమ, వాసన, మరుగు — ఈ నాలుగూ దానికి నేల ద్వారానే లభిస్తాయి.

చెదలు కట్టిన పుట్టలో పాము చేరుతుందని మన పల్లెలలో పసివానికైనా తెలుసు. ఆఫ్రికాలోని బాల్ పైథాన్ కూడా పగటివేళ ఎలుకల బొరియలలోను, చెదపుట్టలలోను తలదాచుకుంటుంది. పైన ఎండ మండుతున్నా పుట్ట లోపల వేడి, తేమ అంతగా మారవు. పాము తనకు తగిన ఇంటిని తానే ఎంచుకున్నది. గాజుపెట్టెలో పెట్టిన నాడు ఆ ఎంపిక దాని నుండి తొలగి మనిషి చేతికి వస్తుంది. పరుపు నచ్చకపోతే లేచిపోవటానికి దానికి దారి లేదు. అందుచేత పరుపును ఎన్నుకునేవాడు పెట్టె అందాన్ని గాక ఆ ప్రాణి దేహధర్మాన్ని చూడాలి. మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు: ఇది తేమను ఎట్లా నిలుపుతుంది? దీని వాసనలో ఏమున్నది? పాము దీనిని మింగితే ఏమవుతుంది?

మొదటి ప్రశ్న: తేమ

తేమ ఎక్కువైనా ముప్పే, తక్కువైనా ముప్పే. ఎల్లప్పుడు తడిసి, మురికిగా ఉన్న పరుపు మీద పడుకున్న పాముకు పొట్ట క్రింది పొలుసులు ఎర్రబడి, పొక్కి, క్రమంగా కుళ్ళుతాయి. గాలి ఆడని తడిపెట్టెలో ఊపిరితిత్తుల వ్యాధులు కూడా ప్రబలుతాయి. చాలా జాతుల పాములలో ఎడమ ఊపిరితిత్తి మిక్కిలి చిన్నది. కొన్ని జాతులలో అసలే ఉండదు. కనుక శ్వాసవ్యాధి పాముకు తేలికైన జబ్బు కాదు.

ఇక పెట్టె మరీ పొడిగా ఉంటే కుబుసం సరిగా ఊడదు. ఆరోగ్యంగా ఉన్న పాము కుబుసాన్ని మేజోడు విప్పినట్లు తల నుండి తోక వరకు ఒకే ముక్కగా విడుస్తుంది. తేమ చాలనప్పుడు అది ముక్కలు ముక్కలుగా అంటుకొని పోతుంది. తోక చివర మిగిలిన కుబుసం బిగుసుకొని రక్తప్రసారాన్ని అడ్డగిస్తుంది. పాముకు కనురెప్పలు లేవు. కంటిమీద పారదర్శకమైన పొలుసు ఒకటి ఉంటుంది. కుబుసంతోపాటు అది కూడా ఊడిరావాలి. రాకపోతే కంటికే చేటు.

కార్న్ స్నేకుకు గాలిలో తేమ సుమారు 40 నుండి 60 శాతం చాలు. బాల్ పైథానుకు 60 శాతం, కుబుసం విడిచే రోజులలో మరికొంత ఎక్కువ కావాలి. కాబట్టి పాములన్నిటికీ ఒకే పరుపు ఉత్తమమనే మాట సరి కాదు.

రెండవ ప్రశ్న: వాసన

సీడార్ కర్ర చిత్రికపొట్టు చూడటానికి శుభ్రంగా, పీల్చటానికి సువాసనగా ఉంటుంది. మనిషి ముక్కుకు ఇంపుగా ఉన్నది పాముకు కూడా మేలని చాలామంది భ్రమపడతారు. ఆ సువాసనకు కారణం ఆ కర్రలో గల ఆవిరయ్యే తైలాలు. పురుగులు బట్టలను తినకుండా ఆ కర్రతో పెట్టెలు చేసేది ఆ గుణం చేతనే. ఎర్ర సీడార్ కర్రకోత మిల్లులలో పనిచేసేవారికి ఆ ధూళిలోని ప్లికాటిక్ ఆమ్లం వలన ఉబ్బసం వస్తుందని వైద్యులు నిర్ధారించారు.

ఈ సందర్భంలో 1967లో జరిగిన ఒక పరిశోధన విద్యార్థులు తెలుసుకోదగినది. ఎలియట్ వెసెల్ అనే శాస్త్రజ్ఞుడు ప్రయోగశాలలోని చిట్టెలుకలకు ఎర్ర సీడార్, పైన్ వంటి మెత్తకర్రల పొట్టును పరుపుగా వేసి పరీక్షించాడు. వాటికి నిద్రమందు ఇచ్చినప్పుడు అవి మామూలుకంటె తక్కువ సేపు నిద్రించాయి. ఏలయనగా పరుపులోని పదార్థాల ప్రభావం చేత వాటి కాలేయంలో మందులను విరిచే ఎంజైములు అధికమైనాయి. ఎలుకకు ఎవరూ ఏమీ తినిపించలేదు. కేవలం అది పడుకున్న పరుపు దాని కాలేయాన్ని మార్చివేసింది. ఈ ప్రయోగం పాములపై జరిగినది కాదు. అయితే మూతవేసిన పెట్టెలో, వేడి తగిలి ఆవిరయ్యే తైలాల నడుమ, రాత్రింబగళ్ళు నేలకు ముక్కు ఆనించి ఉండే ప్రాణికి సీడార్ పరచరాదని పెంపకందారులు, పశువైద్యులు చెప్పటం సహేతుకమని దీనివలన గ్రహించవచ్చు. బట్టీలో ఎండబెట్టిన పైన్ పొట్టులో తైలాలు కొంత తగ్గుతాయి. కాని అంతకంటె మంచివి దొరుకుతుండగా సందేహాస్పదమైన దానిని ఎన్నుకోవలసిన అగత్యం లేదు.

మూడవ ప్రశ్న: మింగితే ఏమవుతుంది?

పాము ఆహారాన్ని నమలదు, ఉన్నదున్నట్లు మింగుతుంది. తడిసిన ఎలుక దేహానికి అంటుకున్న ఇసుక, గింజలు, పుల్లలు దానితోపాటే కడుపులోకి పోతాయి. కొద్దిపాటి పొట్టు విసర్జనతో వెలుపలికి పోవచ్చు. ఇసుక, దంచిన అక్రోటు పెంకులు, మొక్కజొన్న కండె ముక్కలు పేరుకుంటే ప్రేగు మూసుకుపోవచ్చు. మొక్కజొన్న కండె తడి తగిలిన కొద్దికాలానికే బూజు పడుతుంది కూడా. పిల్లుల మలమూత్రాలకు వాడే బంకమట్టి గుళికలు తేమను పీల్చి ధూళిని రేపుతాయి. అవి పాముకు పనికిరావు. ఇసుకనేలలో పుట్టి పెరిగే జాతుల సంగతి వేరు. ఏ పరుపు వేసినా ఆహారాన్ని పళ్ళెంలోనో, చదునైన రాతిమీదనో పెట్టటం మంచిది.

ఏది మేలు?

పై మూడు ప్రశ్నలకు నిలిచేవి ముఖ్యంగా మూడు పదార్థాలు. మొదటిది కాగితం. పాత వార్తాపత్రిక గాని, తడి పీల్చే కాగితం గాని చౌకగా లభిస్తుంది. మురికి అయిన వెంటనే తీసివేయవచ్చు. కొత్తగా వచ్చిన పామును, జబ్బుపడిన పామును కాగితం మీదనే ఉంచాలి. మలం ఎట్లా ఉన్నదో, రక్తం పడుతున్నదో, నల్లని చుక్కల వంటి మైట్లు అనే పరాన్నజీవులు ప్రాకుతున్నాయో తెల్లని కాగితం మీద స్పష్టంగా తెలుస్తుంది. పొట్టులో ఇవేవీ కనబడవు. అయితే కాగితం తేమను నిలపదు; పాము దానిలో దూరి దాగలేదు. అందుచేత దానితోపాటు దాగటానికి ఒక మరుగు తప్పక ఏర్పరచాలి.

రెండవది ఆస్పెన్ కర్ర పొట్టు. దీనిలో ఘాటైన తైలాలు లేవు. కార్న్ స్నేక్ దీనిలో సొరంగాలు చేసుకొని సుఖంగా ఉంటుంది. ఐదు నుండి ఎనిమిది సెంటీమీటర్ల మందం చాలు. తడిస్తే బూజు పడుతుంది గనుక అధిక తేమ కోరే పాములకు ఇది తగదు.

మూడవది మనకు మిక్కిలి పరిచయమైనది — కొబ్బరి పొట్టు. కోనసీమలోను, కేరళ, తమిళనాడులలోను డొక్కల నుండి పీచు తీయగా మిగిలేది ఇదే. దీనిని ఇటుకలుగా అదిమి విదేశాలకు పంపుతారు. నీటిలో వేస్తే ఉబ్బి, తన బరువుకు అనేక రెట్లు నీటిని పట్టి ఉంచి, మెల్లగా విడుస్తుంది. తేమ కోరే బాల్ పైథానుకు ఇది అనుకూలం. ఒకప్పుడు మన తోటలలో చెత్తకుప్పగా పడి ఉన్న పదార్థం నేడు దూరదేశాలలో ఒక ఆఫ్రికా పాముకు పుట్టమన్నులా పనికివస్తున్నది! అయితే ఉప్పు పోయేటట్లు కడిగిన పొట్టునే వాడాలి. పిండితే నీరు కారనంత తడి మాత్రమే ఉండాలి. పూర్తిగా ఎండితే ధూళి లేస్తుంది.

ఎంత మంచి పరుపైనా శుభ్రత లేనిదే మంచిది కాదు. మలినమైన భాగాన్ని ఆనాడే తీసివేయాలి. పొట్టును నెలకొకసారి పూర్తిగా మార్చి, పెట్టెను కడిగి, ఆరబెట్టి, క్రొత్తది వేయాలి. పరుపు క్రింద వేడిపలక ఉంటే దానికి థర్మోస్టాట్ తప్పనిసరి. లేకపోతే మందమైన పొర క్రింద వేడి పేరుకొని పాముకు పొట్ట కాలుతుంది. సరీసృపాలు తమకు జబ్బు లేకుండానే సాల్మొనెల్లా సూక్ష్మజీవులను మోస్తుంటాయి. కావున పరుపును తాకిన చేతులను సబ్బుతో కడుగుకొనటం పాముకొరకు గాదు, మనకొరకు.

కుండలో ఇసుక

మన పొరుగున ఒక ఉదాహరణ కలదు. చెన్నై సమీపాన వడనెమ్మేలిలో ఇరుళ గిరిజనుల పాములు పట్టేవారి సహకార సంఘం 1978లో ఏర్పడింది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అనే నాలుగు విషసర్పాలను వారు అనుమతితో పట్టి, విషం తీసి, మూడు నాలుగు వారాల తరువాత తిరిగి అడవిలో విడిచిపెడతారు. ఆ కొద్దికాలం పాములను ఉంచేది ఇసుక పోసి, మూతికి గుడ్డ కట్టిన మట్టికుండలలో. కుండ చీకటిగా ఉంటుంది. మట్టి గుండా గాలి, తేమ మెల్లగా ఆడుతాయి. పుట్టను అర్థం చేసుకున్నవారే ఆ కుండను ఎంచుకోగలరు. పాముకాటుకు విరుగుడు మందు తయారీ ఆ కుండతోనే మొదలవుతుంది. పొలంలో కాటు తిన్న రైతు ప్రాణం అంత దూరాన ఉన్న కుండలోని ఇసుకతో ముడిపడి ఉన్నదంటే అతిశయోక్తి కాదు.

మన కర్తవ్యం

ఇంత చెప్పినందువలన ఎవరైనా పామును ఇంటికి తెచ్చుకోదలిస్తే అది ఈ పాఠాన్ని తలక్రిందులు చేయటమే అవుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు పాములను అనుమతి లేకుండా పట్టటం, ఉంచుకొనటం నేరం. 2022లో సవరింపబడి 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన నిబంధనలు అంతర్జాతీయ ఒప్పందం క్రింద రక్షణ గల విదేశీ ప్రాణులను సైతం అధికారులకు తెలిపి నమోదు చేయించాలంటున్నాయి. బాల్ పైథాన్ అటువంటిదే. మన మెట్టనేలలలో ఉండే రెండు తలల పాము ఇంట ఉంటే ధనం కలిసివస్తుందని నమ్మించి వేలకు వేలు గుంజే మోసగాళ్ళు ఉన్నారు. ఆ పాముకు ఉన్నది ఒకటే తల. మొద్దుగా ఉన్న తోక రెండవ తలగా భ్రమింపజేస్తుంది. మూఢనమ్మకానికి బలియై డబ్బాలో మగ్గే ఆ మూగజీవికి ఏ పరుపు వేసినా న్యాయం జరగదు. దాని పరుపు చేనులోని మట్టి.

విద్యార్థులు పామును చూసినప్పుడు కర్ర అందుకొనక, అటవీశాఖకో, శిక్షణ పొందిన రక్షకులకో కబురు చేయాలి. కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒకటి: జీవశాస్త్ర ప్రయోగశాలకు సజీవ సర్పాన్ని కోరవద్దు. నమూనాలు, పటాలు, ప్రతి సంవత్సరం ఒక అనుభవజ్ఞుని ఉపన్యాసం — ఇవి చాలు. ఇతర ప్రాణికి ఏది హితమో తన ఇష్టంతో గాక దాని అవసరంతో కొలవటం నేర్చుకుంటే విజ్ఞానశాస్త్రం చదివినందుకు ఫలం దక్కినట్లే. ఆ కొలత చేతికి వచ్చిన విద్యార్థి రేపు ఆసుపత్రిలో రోగికి మంచం వేసినా, బడిలో పిల్లలకు గది కట్టించినా, ముందుగా అక్కడ ఉండబోయే వారిని గురించే ఆలోచిస్తాడు.