సంఘపు లెక్కల యంత్రమును మార్చునపుడు

మన సహకార సంఘములలో పెక్కు చోట్ల చిట్టాయు, ఆవర్జాయు కాగితమును విడిచి కంప్యూటరున కెక్కి చాల కాలమైనది. ఆ దినములలో తెలిసిన యువకుడెవరో మైక్రోసాఫ్టు వారి యాక్సెసు అను సాధనముతో సభ్యుల జాబితా, వాటాధనము, అప్పులు, వడ్డీ, వాయిదాలు లెక్కించు చిన్న యేర్పాటొకటి చేసి యిచ్చెను. పిమ్మట నతడు ఉద్యోగార్థమై పట్టణమున కేగెను. ఏర్పాటు మాత్రము నేటికిని పనిచేయుచున్నది. ఇప్పుడా యంత్రము ముసలిదైనది. ఆఫీసు 2010నకు మైక్రోసాఫ్టు వారి సంరక్షణ 2020 అక్టోబరు 13తోడను, ఆఫీసు 2016, 2019లకును విండోసు 10కిని సాధారణ సంరక్షణ 2025 అక్టోబరు 14తోడను ముగిసినది. కావున క్రొత్త యంత్రము కొనవలెనను తీర్మానములు పాలకవర్గముల ముందుకు వచ్చుచున్నవి.

ఇది గుమాస్తా చూచుకొనవలసిన పని, రైతున కిందేమి సంబంధమని కొంద రందురు. సభ్యుని బాకీ యెంతయో చెప్పునది ఆ దస్త్రమే. బాకీ లేదను ధ్రువపత్రము దానినుండియే వచ్చును. అందు తప్పు పడినచో దానిని మోయువాడు రైతే. కాబట్టి సభ్యులందఱును ఈ సంగతిని కొంత యెఱిగియుండుట మంచిది.

మొదట తెలియవలసినది దస్త్రపు మూస. పాత యాక్సెసు దస్త్రముల పేరు చివర ఎం.డి.బి. అని యుండును. 2007 నాటి యాక్సెసుతో ఏ.సి.సి.డి.బి. యను క్రొత్త మూస వచ్చెను. క్రొత్తది వచ్చినంత మాత్రమున పాతది చెల్లదనుకొనరాదు. యాక్సెసు 2000 మొదలు 2003 వఱకు కట్టిన దస్త్రములను నేటి యాక్సెసు కూడ తెఱచును. యాక్సెసు 97 నాటి దస్త్రము సంగతి వేఱు. దానిని తెఱవగల కడపటి యాక్సెసు 2010. 2013 మొదలు వచ్చినవేవియు తెఱవవు. అట్టి దస్త్రము గల సంఘము పాత యంత్రమును వదలుకొనక మునుపే, 2003లో గాని 2010లో గాని దానిని తెఱచి 2002-2003 మూసలోనికి మార్చి యుంచుకొనవలెను. పాత యంత్రమును తూకమున కమ్మివేసిన పిదప ఈ సంగతి తెలిసిన ప్రయోజనము లేదు.

మార్పు సాధ్యమైనది గదా యని అన్నిటిని క్రొత్త మూసలోనికి మార్చుట కూడ తగదు. గుమాస్తాకు ఇంత, కార్యదర్శికి ఇంత యని పేర్లు, రహస్య పదములు పెట్టి యధికారములు పంచిన కట్టుబాటు ఎం.డి.బి.లోనే నిలుచును. ఏ.సి.సి.డి.బి.గా మార్చిన తోడనే అది పోవును. దస్త్రము తెఱువగలిగిన ప్రతివాడును బాకీ దిద్దగలుగును. ఇట్టి కట్టుబాటు గల సంఘము, దానికి బదులు వేఱొకటి యేర్పఱచుకొనువఱకు, పాత మూసనే యుంచుట మేలని మా యభిప్రాయము.

రెండవది బిట్ల సంగతి. 2010 నుండి ఆఫీసు 32 బిట్లది, 64 బిట్లది యని రెండు విధములుగా దొరకుచున్నది. 2019 మొదలు, ప్రత్యేకముగ కోరనిచో 64 బిట్లదే యంత్రమున దిగును. 32 బిట్ల యాక్సెసులో తయారై, లోపలి వ్రాత కనబడకుండ మూయబడిన ఎం.డి.ఇ. దస్త్రములు 64 బిట్ల యాక్సెసులో తెఱచుకొనవు. విండోసులోని పనిముట్లను నేరుగ పిలుచు పాత వ్రాతలును దిద్దిననే గాని నడువవు. దిద్దువాడు దొరకనిచో మార్గము సులభము: క్రొత్త యంత్రములో 32 బిట్ల ఆఫీసునే దింపుమని దుకాణదారునితో ముందే చెప్పవలెను. ఒకే యంత్రమున రెండు విధములను కలుపుట కుదరదు. తేదీని చూపుటకు పూర్వము వాడిన క్యాలెండరు పనిముట్టు ఆఫీసు 2010 నుండియే తీసివేయబడినది గనుక, అది యున్న పుటలు ఎట్లును దిద్దవలసినవే.

సభ్యుల పేర్ల విషయమున మన తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. యూనికోడు వాడుకకు రాకముందు పెక్కుచోట్ల తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు ఆకారములు నింపిన ఫాంట్లతో కొట్టిరి. ఆ ఫాంటు లేని యంత్రమున పేరంతయు పిచ్చి గీతలవలె కనబడును. దస్త్రము చెడలేదు, ఫాంటు లేదు, అంతే. దానిని యూనికోడులోనికి మార్చు సాధనములు కలవు గాని, ఒత్తులు, గుణింతములు తాఱుమాఱగుట సామాన్యము. అందుచే మార్చిన జాబితాను ఊరి యింటిపేర్ల నెఱిగిన యొకరు ఆమూలాగ్రము చదువవలెను.

అన్నిటికంటె మెలకువ కావలసినది తేదీలయందు. క్రొత్త యంత్రము తఱచు అమెరికా పద్ధతిని, అనగా నెల ముందు, దినము వెనుక, గైకొనునట్లు వచ్చును. జూన్ 5న ఇచ్చిన యప్పును గుమాస్తా మన యలవాటున 5-6 అని కొట్టగా, యంత్రము దానిని మే 6గా గ్రహించును. 13-6 అని కొట్టినచో పదుమూడవ నెల లేదు గావున జూన్ 13గానే తీసికొనును. కొన్ని సరిగను, కొన్ని తప్పుగను పడుటచే లోపము బయటపడదు. 50,000 రూపాయల యప్పుపై నూటికి ఏడు చొప్పున ముప్పది దినముల వడ్డీ సుమారు 288 రూపాయలు. అంత మొత్తము సభ్యుడు ఊరక చెల్లించును! పూర్వము ఎక్కిన తేదీలు దినసంఖ్యగా నిలువయుండును గనుక వానికి భంగము లేదు. క్రొత్తగా కొట్టువానికే భయము. ప్రాంతపు అమరికను భారతదేశమునకు మార్చి, సంవత్సరమును నాలుగంకెలతో వ్రాయుట తప్పనిసరి. రెండంకెలే కొట్టినచో పాత విండోసులు 29 వఱకు 2029గాను, 30ని 1930గాను తీసికొనుచుండెను. దీర్ఘకాలపు టప్పు వాయిదాలు ఆ హద్దును దాటుచున్నవి.

ఇక మార్పు జరుపు క్రమము. పంట చేతికి వచ్చి వసూళ్లు సాగు నెలలలో దీనిని తలపెట్టరాదు. మొదట దస్త్రమునకు రెండు ప్రతులు తీసి, ఒకటి యంత్రమునకు దూరముగ, వేఱొక చోట భద్రపఱుపవలెను. సభ్యుల లెక్కలున్న భాగమును, పుటలు, లెక్కించు వ్రాతలు గల భాగమును రెండు దస్త్రములుగ విడదీసిన సంఘములకు పని తేలిక. లెక్కలను కదలింపక పనిముట్టునే మార్చవచ్చును. కొన్నాళ్లు పాత యంత్రమునను క్రొత్తదానను ఒకే పద్దులను ఎక్కించి, ఒకే దినము వఱకు వడ్డీ కట్టి, బాకీల జాబితాను రెంటినుండియు అచ్చు తీయవలెను. మొత్తము సరిపోయినదని తృప్తిపడరాదు. ఒకరిపై ఎక్కువ, మఱియొకరిపై తక్కువ పడియు మొత్తము కుదురవచ్చును. సభ్యుని వెంట సభ్యుని పోల్చవలెను.

2022 జూన్‌లో కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల కంప్యూటరీకరణకు 2,516 కోట్ల రూపాయల పథకము నామోదించెను. అందు చేరిన సంఘములు యాక్సెసును విడుచునవి యైనను, పాత బాకీలను క్రొత్త యేర్పాటులోనికి చేర్చునపుడు ఈ పోలిక యంతయు వారికిని కావలసినదే.

ఖర్చు విషయమున నొక మాట. ఏర్పాటును నడపుటకే గాని దిద్దుటకు అక్కఱలేని యంత్రములకు యాక్సెసు రన్‌టైము అను సాధనము ఉచితముగ దొరకును. ప్రతి బల్లకును పూర్తి యాక్సెసు కొననక్కఱలేదు. పాత యంత్రమును అంతర్జాలమునుండి విడదీసి, ఆ సంవత్సరపు లెక్కల తనిఖీ ముగియువఱకు ఉంచవలెనని తీర్మానములోనే వ్రాయించుడు.