టీబీ మందుతో పాటు తిండికీ సాయం

ప్రశ్న: మా ఆయనకు టీబీ. మందులు ఉచితంగానే ఇస్తున్నారు. ఆయన కూలికి వెళ్లలేక ఇల్లు గడవడం లేదు. తిండికేమైనా సాయం దొరుకుతుందా?

జవాబు: దొరుకుతుందమ్మా. నిక్షయ్ పోషణ్ యోజన కింద చికిత్స సాగినన్నాళ్లు నెలకు రూ.1000 ఖాతాలో వేస్తారు. 2024 నవంబరుకు ముందు రూ.500 ఉండేది. ఆధార్, పాస్‌బుక్ తీసుకెళ్లి, వివరాలు సరిగ్గా ఎక్కాయో లేదో ఆసుపత్రిలో టీబీ సిబ్బందిని అడగండి. ఆ సొమ్ము సరిపోదని నాకూ తెలుసు. నిక్షయ్ మిత్ర దాతలిచ్చే పోషకాహార కిట్ గురించి కూడా మొహమాటపడకుండా అడగండి.

ఇంకో మాట. ఆయనకు పెట్టి మీరు పస్తుండొద్దు. జార్ఖండ్‌లో జరిగిన ఒక అధ్యయనంలో రోగుల ఇంట్లోవాళ్లకు నెలనెలా మనిషికి 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. వాళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. ఈసారి వెళ్లినప్పుడు పిల్లల్ని కూడా తీసుకెళ్లి బరువు చూపించి, అందరూ పరీక్ష చేయించుకోండి.