కుటుంబ భోజనము

వేదపాఠము: 1 కొరింథీ 11:17–34, యోహాను 21:9–14



కొరింథు సంఘములో తగవులు బోధను గూర్చి మాత్రమే కాదు, కూటిని గూర్చియు వచ్చినవి. ఆ దినములలో విశ్వాసులకు ప్రత్యేకమైన మందిరములు లేవు. ఇండ్లలోనే కూడుకొనెడివారు. ప్రభు రాత్రి భోజనము కూడ కడుపునిండ తిను భోజనముతో కలిసియే జరిగెడిది. కలిగినవారు ముందుగా వచ్చి తాము తెచ్చుకొన్నది తినివేసెడివారు. యజమానుని పని తీరిన తరువాత గాని రాలేని దాసులకు, కూలివారికి ఏమియు మిగిలెడిది కాదని వేదపండితులు అనేకులు తలంచుచున్నారు. ఒకడు ఆకలితో నుండగా మరియొకడు మత్తుడగుచున్నాడని పౌలు గద్దించెను. దీనికి ఆయన చెప్పిన మందు చాల చిన్నది. తినుటకు కూడినప్పుడు ఒకరి కొరకు ఒకరు ఆగవలెను, అంతే.

ఈ మాటను ఈ నెల మన ఇండ్ల పొయ్యి దగ్గరకు తెచ్చి చదువుదము.

వల్లూరు మొదలుకొని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వరకు ఏ ఊరిలోనైనను ప్రొద్దు గూకిన తరువాత చూడుడి. కుమారుడు టిఫిన్ సెంటరునుండి పొట్లము తెచ్చుకొని మిద్దెమీదికి పోవును. కుమార్తె టీవీ ముందర కంచము పెట్టుకొనును. నాయన ఒక చేత ముద్ద, ఒక చేత సెల్‌ఫోను. అమ్మ అందరి తరువాత, గిన్నెలు కడుగుటకు ముందు, పొయ్యి ప్రక్కన. నలుగురు ఒకే ఇంట తిన్నారు గాని ఒకే భోజనము చేయలేదు.

పూర్వకాలమున అందరు కలిసి తినెడివారని చెప్పుకొనుట మనకు అలవాటు. అది సగమే నిజము. పూర్వమును మగవారు ముందు, పిల్లలు వారితోనో వారి వెనుకనో, స్త్రీలు కడపటనే తినిరి. కాబట్టి మనము పాతదానిని తిరిగి తెచ్చుకొనుట చాలదు.

అయినను పాత వంటలో ఒక మేలు ఉండెను. రాగి సంగటినే తీసికొందము. ఎసరులో నూకలు ఉడికిన తరువాత రాగిపిండి పోసి, మూతపెట్టి, సన్నని సెగమీద మగ్గనిచ్చి, ఉండలు కట్టకుండ తెడ్డుతో బాగుగా కలిపి, తడిచేతితో ముద్దలు చేయుదురు. ఆ తెడ్డు త్రిప్పుటకు బాహుబలము కావలెను. సంగటి చేసినవారికే అది తెలియును. చెనక్కాయల ఊరిబిండియో, గోగాకు పప్పో నడుమ పెట్టుకొని వేడిమీద తినవలెను. చల్లారినచో గట్టిపడును. కావున సంగటి ఎవరికొరకును కనిపెట్టదు, ఇంటివారే దానికొరకు వచ్చి చేరవలెను. కడపట తిను ఆమెకు మాత్రము ఆ గట్టిపడిన ముద్దయే మిగులును.

రాగుల సత్తువ సంగతి ఇప్పుడు లోకమంతయు చెప్పుచున్నది. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. నూరు గ్రాముల రాగులలో ఎముకలకు కావలసిన కాల్షియం 340 మిల్లీగ్రాములకు తక్కువ ఉండదు. తెల్లబియ్యములో అది పది ప్రాంతము మాత్రమే. అయితే బియ్యమును నిందింపకుందము. 1876–78 నాటి ధాతు కరువులో ఈ సీమలో ఎన్ని పొయ్యిలు ఆరిపోయినవో, ఎన్ని కుటుంబములు గంజి కొరకు చెదరిపోయినవో చరిత్ర చెప్పుచున్నది. ఆ కరువునకు నూరేండ్ల తరువాత కూడ పొయ్యిలో పిల్లి లేవని ఇండ్లు మన పేటలలో లేకపోలేదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినప్పుడు పేదల కంచములో తెల్లని అన్నము కనబడెను. అది కూడ దేవుని దయయే.

ఇక వండు ఆమె మాటకు వత్తము. ఇంటి వంట శ్రేష్ఠమని బోధించుట సులభము. పులివెందుల అరటితోటలకో, జమ్మలమడుగు నల్లరేగడి శనగచేలకో తెల్లవారకముందే సద్ది కట్టుకొని కూలికి పోయి, సాయంకాలము వచ్చి పొయ్యి ముట్టించు ఆమెకు ఆ బోధ మరియొక మోపు అగును. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన రాష్ట్రమున 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో సగముకంటె ఎక్కువమందికి రక్తము తక్కువని తేలినది. కారణములు అనేకము. కాని పప్పు, ఆకుకూర అడుగంటిన తరువాత కంచము పెట్టుకొను అలవాటు వాటిలో ఒకటి కాదని ఎవరు చెప్పగలరు? మన దేశమున ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండి తినవచ్చునను ప్రశ్న ఎన్ని ఊళ్లను చీల్చినదో మన అవ్వతాతలకు తెలియును. సంస్కారపు బల్లయొద్ద ఆ గీత చెరిగినదని సంతోషించు మనము, వండిన ఆమెను మన ఇంటిలోనే వేరు పంక్తిలో ఉంచుట ఏమి న్యాయము?

యోహాను 21వ అధ్యాయములో, రాత్రియంతయు వల వేసి అలసివచ్చిన శిష్యులకు ఒడ్డున నిప్పులు, వాటిమీద చేపలు, రొట్టె కనబడెను. పునరుత్థానుడైన ప్రభువే సిద్ధపరచెను, ఆయనే వడ్డించెను. వంట ఆడుదాని పనియని చెప్పు మగవారు ఈ భాగమును పెద్దగా చదువుట మంచిది. తెడ్డు త్రిప్పుటకు బాహుబలము కావలెనని పైన చెప్పితిమి గదా! ఆ బలము కుమారులకును ఉన్నది.

కూరలు ఎన్ని అనునది కాదు మన చింత. ప్రేమగల చోట ఆకుకూరల భోజనము, పగగల చోట క్రొవ్విన ఎద్దు మాంసముకంటె మేలని సామెతలు 15:17 భావము. పొట్లము తెచ్చినను సరే, దానిని విప్పి నడుమ పెట్టుడి.

కలిసి తినుటకు ఇంటిలో మనుష్యులే లేనివారి మాట ఏమి? మన జిల్లానుండి అనేకులైన తల్లులు కువైటుకు పోయి పరుల ఇండ్లలో వండుచున్నారు. వారి బిడ్డలు ఇక్కడ అవ్వల చేతి అన్నము తినుచున్నారు. కొందరు వృద్ధులు ఒంటరిగా ఉదయము వండినదే రాత్రికి తినుచున్నారు. పస్కా పశువు ఒక ఇంటివారికి ఎక్కువైనచో పొరుగింటివారిని కలుపుకొనవలెనని నిర్గమకాండము 12:4లో దేవుడే ఏర్పాటు చేసెను. ఆ పద్ధతి ప్రకారము ఈ నెల ఆదివారపు రాత్రులలో ప్రతి ఇంటివారు ప్రక్కింటి అవ్వకో, అమ్మ దూరముననున్న బిడ్డకో ఒక కంచము ఎక్కువ వేయుడి. ఆ రాత్రులలో అందరి సెల్‌ఫోనులు మూలన పెట్టి ఒక్కటి మాత్రము ఉంచుకొనుడి. మనకు రాత్రి ఎనిమిదిన్నర అయినప్పుడు కువైటులో సాయంకాలము ఆరు గంటలు. ఆ తల్లికి ఆ వేళ తీరిక దొరికినచో, బిడ్డ ఏమి తినుచున్నదో చూచును.