తేనెటీగ కుట్టినపుడు ప్రాణము నిలుపు సూదిమందు

తేనెటీగలు, కందిరీగలు పొలములో పనిచేయు వారందరికి తెలిసినవే. ఒకటి రెండు కుట్టినచో చాలమందికి ఆ చోట నొప్పి, వాపు, దురద కలిగి, ఒకటి రెండు రోజులలో తగ్గిపోవును. ఇందుకు భయపడ పనిలేదు. కాని కొందరి శరీరతత్వమునకు ఆ విషము పడదు. అట్టివారికి ఒక్క ఈగ కుట్టినను ప్రాణాపాయము కలుగవచ్చును. దీనిని వైద్యులు అనాఫిలాక్సిస్ అందురు. వేరుశనగ, రొయ్యలు, కొన్ని మందులు పడనివారికి కూడ ఇదే స్థితి కలుగును.

ఇట్టి సమయమున మొదట ఈయవలసిన మందు అడ్రినలిన్. దీనిని తొడకు పొడిచికొనుటకు వీలుగా, సరియైన మోతాదు ముందే నింపి, కలము ఆకారములో తయారు చేసిన సాధనము కలదు. దీనిని ఆటో ఇంజెక్టర్ అందురు. ఇది మన గ్రామములలో ఇంకను అరుదు. అయినను విదేశములనుండి సెలవులకు వచ్చు బిడ్డలు, మనుమల వద్ద ఇది ఉండవచ్చును. కావున దీనిని వాడు విధము ప్రతి ఇంటివారు తెలిసికొనుట మంచిది.

గుర్తించుట ఎట్లు?

కుట్టిన చోటనే గాక ఒళ్లంతా దద్దురులు లేచుట, పెదవులు, నాలుక వాచుట, గొంతు బొంగురుపోవుట, పిల్లికూతలతో ఆయాసము, వాంతులు, కళ్లు తిరుగుట, స్పృహ తప్పుట – ఇవి ముఖ్య లక్షణములు. ఊపిరి ఆడకున్నను, సొమ్మసిల్లినను, దద్దురులు లేవలేదని ఊరకుండరాదు. రక్తనాళములు వదులై రక్తపు పోటు పడిపోవును, శ్వాసనాళములు ఇరుకగును. ఈగ విషము పడనివారికి పావుగంటలోనే గుండె ఆగిపోవచ్చును. అడ్రినలిన్ రక్తనాళములను బిగించి, శ్వాసనాళములను తెరచి, గుండెకు బలమిచ్చును.

ఏవిల్ వంటి మాత్రలు, సూదులు దురదను, దద్దురులను తగ్గించునే గాని, పడిపోవు రక్తపు పోటును నిలుపలేవు. మాత్ర వేసి చూతమని కూర్చున్నచో విలువైన కాలము పోవును.

వాడు విధము

1. రోగిని వెల్లకిల పరుండబెట్టి కాళ్లు ఎత్తుగా ఉంచవలెను. ఆయాసము ఎక్కువగా ఉన్న కాళ్లు చాపి కూర్చుండబెట్టవలెను. వాంతి అగుచున్నను, స్పృహ లేకున్నను ప్రక్కకు త్రిప్పవలెను. గర్భిణిని ఎడమ ప్రక్కకు పరుండబెట్టవలెను.

2. పెన్నును పిడికిట పట్టి రక్షణ మూతను తీయవలెను. ఎపిపెన్ అను రకమునకు నీలిరంగు మూత పై కొనన ఉండును. సూది నారింజరంగు కొననుండి వచ్చును. ఏ కొనమీదను బొటనవ్రేలు ఉంచరాదు.

3. తొడ మధ్యభాగమున, వెలుపలి వైపు, సూది కొనను గట్టిగా అదమవలెను. పంచె, లుంగీ, ప్యాంటు తీయనక్కరలేదు. జేబులో తాళములు, నాణెములు అడ్డము లేకుండ చూచిన చాలును. పిల్లవాడైనచో కాలు కదలకుండ పట్టుకొనవలెను.

4. పెన్ను రకమును బట్టి 3 నుండి 10 సెకనులు అట్లే పట్టవలెను. పెన్నుమీద వ్రాసియున్న కాలమును అనుసరింపవలెను. తెలియనిచో 10 అంకెలు లెక్కింపుడు.

5. వెంటనే 108కి ఫోను చేయవలెను. 5 నిమిషములలో గుణము కనిపింపకున్న రెండవ పెన్నును వాడవచ్చును. అందుచేతనే ఎల్లప్పుడు రెండు పెన్నులు దగ్గర ఉంచుకొనుట అవసరము.

తేనెటీగ తన ముల్లును చర్మములో విడిచిపోవును. దానిని గోటితో గీకి వెంటనే తీసివేయుడు. ముల్లు కొరకు సూదిమందును మాత్రము ఆలస్యము చేయకుడు.

చేయరాని పనులు

రోగి కొంచెము తేరుకొన్నను లేపి నిలబెట్టరాదు, నడిపింపరాదు. ఒక్కసారి లేచినందున ప్రాణము పోవచ్చును. మోటారు సైకిలుపై కూర్చుండబెట్టి తీసికొనిపోరాదు. గుణము కనిపించినను ఆసుపత్రికి చేర్చవలసినదే, ఏలనన కొన్ని గంటల తరువాత లక్షణములు తిరిగి రావచ్చును. సూది పొరపాటున వ్రేలికి దిగినచో ఆ వ్రేలికి రక్తము ఆడదు. అట్టివారు కూడ వెంటనే వైద్యుని చూడవలెను. ఇది పాముకాటుకు, తేలుకాటుకు ఇంటిలో వాడు మందు కాదు. తేలు విషమే గుండెను మితిమీరి ఉద్రేకపరచును గనుక, దానికి ఈ మందు తోడైన హాని కలుగును.

నిలువ చేయుట

సాధారణముగా పెద్దలకు 0.3 మిల్లీగ్రాముల పెన్ను, 15 నుండి 30 కిలోల బరువుగల పిల్లలకు 0.15 మిల్లీగ్రాముల పెన్ను వైద్యులు వ్రాయుదురు. దీనిని ఎండలోను, కారులోను, ఫ్రిజ్‌లోను ఉంచరాదు. మందు నీటివలె తేటగా ఉండవలెను. గోధుమరంగుకు తిరిగినను, మడ్డిగా ఉన్నను, గడువు తీరినను క్రొత్తది తెచ్చుకొనవలెను. పెన్నును బీరువాలో పెట్టి తాళము వేయకుడు. అది మనిషితోపాటు పొలమునకు పోవలెను.

పెన్ను లేనిచో

ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో అడ్రినలిన్ గాజు బుడ్లలో ఉండును. మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము మందు ఉండు ఆ బుడ్డిని మోతాదు తెలిసిన వైద్యుడో, నర్సో తొడ కండకు ఈయవలెను. ఇంటివారు స్వయముగా సిరంజితో పొడువరాదు. రోగిని పరుండబెట్టియే తీసికొనిపోయి, "ఈగ కుట్టినది, ఊపిరి ఆడుటలేదు" అని గుమ్మములోనే చెప్పుడు. లెక్కలేనన్ని ఈగలు ముసిరి కుట్టినచో, ఈ లక్షణములు లేకున్నను ఆసుపత్రికి పోవలసినదే.

గ్రామాధికారులు ఒక పని చేయవచ్చును. రాత్రివేళ తెరచియుండు ఆసుపత్రి ఏదో, దాని ఫోను నెంబరు ఏదో గ్రామ కార్యాలయపు గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. ఇదివరలో ఈగ కుట్టి సొమ్మసిల్లిన వారెవరైన ఊరిలో ఉన్నచో, తేనెపట్టు తీయు పనికి పంపక, ముందుగా వైద్యుని వద్దకు పంపుడు.